మట్టి తడి చూసి చెయ్యి వెయ్యి

బుజ్జీ,

కుండలు చేసే క్లాసులో చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం వేసింది. పిల్లలూ పెద్దలూ కలిసి నేర్చుకునే క్లాసు కాబట్టి, పక్కన అంతా పెద్దవాళ్లుంటే ఎలాగా అని నీకు టెన్షన్‌గా ఉందట. ఆ బెంగ పెట్టుకోకు. చక్రం ముందు కూర్చున్నాక పదహారేళ్ల వాళ్లకైనా అరవై ఏళ్ల వాళ్లకైనా మట్టి ఒకేలా ఎదురు తిరుగుతుంది. నీ కంటే ముందు చేరినవాళ్ల పక్కన కూర్చుని వాళ్ల చేతులు చూడు. టీచర్ ఒకసారి చేసి చూపించేదాన్ని అక్కడ పదిసార్లు చూడొచ్చు.

ఇన్నేళ్లుగా చూస్తున్నాను, కొత్తవాళ్ల కుండలు ఎక్కువగా పాడయ్యేది చేతిలో నేర్పు లేక కాదు, మట్టిలో తడి ఎంతుందో చూసుకోక. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు మట్టి పిసకడం నేర్పిస్తారు. విసుగ్గా ఉంటుంది, కానీ తప్పించుకోకు. సంచిలోంచి తీసిన ముద్ద ఒకవైపు మెత్తగా, ఒకవైపు గట్టిగా ఉండొచ్చు. పిసికితే తడి అంతటా సమంగా సర్దుకుంటుంది, లోపలి గాలి పోతుంది. తీగతో ముద్దను రెండుగా కోసి చూడు. కోసిన చోట ఎక్కడా కన్నాలు లేకుండా నున్నగా ఉంటే చక్రం మీద పెట్టొచ్చు. చేతికి అంటుకుపోతుంటే నీళ్లెక్కువైనట్టు. వంచితే పగుళ్లు వస్తుంటే తక్కువైనట్టు.

తర్వాత సెంటరింగ్, అంటే తిరిగే ముద్దను చక్రం మధ్యకు తేవడం. అందరూ ఆగిపోయేది ఇక్కడే. అరకిలో ముద్దతో మొదలుపెట్టు, పెద్దది తీసుకోకు. మోచేతులు తొడలకు ఆనించి, ఒళ్లంతా ముందుకు వాల్చి ఆ బరువుతో నొక్కు. మణికట్ల బలంతో చేస్తే నొప్పులే మిగులుతాయి. ముద్ద ఊగుతున్నప్పుడు చేతులు కూడా దానితోపాటు ఊగనివ్వకు. కదలకుండా బిగించి ఉంచితే కాసేపటికి మట్టే చేతుల మధ్య సర్దుకుంటుంది. తీసేటప్పుడు మెల్లగా తియ్యి, చటుక్కున వదిలితే మళ్లీ పక్కకు పోతుంది. సెంటరింగ్‌కి చక్రం వేగంగా తిరగాలి, గోడ పైకి లాగేటప్పుడు వేగం తగ్గించాలి. నీది ఎడమచేతి వాటం కదా, చక్రాన్ని రెండోవైపు తిప్పే వీలుందేమో మొదటి రోజే అడుగు.

నీళ్లు చెయ్యి జారేంత వరకే వాడు. లోపల అడుగున నీళ్లు నిలిస్తే స్పాంజ్‌తో వెంటనే తీసెయ్యి. అవి అలాగే ఉంటే అడుగు మెత్తబడి గోడ కూలుతుంది, ఆరేటప్పుడు పగులుతుంది కూడా. గోడ పైకి లాగేముందే అడుగును వేళ్లతో మధ్యలోంచి అంచు దాకా బాగా నొక్కితే ఆ పగుళ్లు చాలావరకు రావు.

ఇంకో మాట. మొదటి నెల చేసినవి దాచుకోకు. చక్రం మీద ఉండగానే తీగతో పైనుంచి కిందకు నిలువునా కోసెయ్యి. గోడ కింద లావుగా, పైన పల్చగా ఉంటుంది, దాదాపు అందరికీ అంతే. నీ వేళ్లు ఎక్కడ నొక్కుతున్నాయో, ఎక్కడ వదిలేస్తున్నాయో ఆ కోతలో తెలిసినంత బాగా ఎవరూ చెప్పలేరు. మట్టి వృథా అవుతుందని బాధపడకు. కాల్చనంతవరకు నానబెట్టి మళ్లీ పిసుక్కోవచ్చు. కాల్చేశాక ఆ అవకాశం ఉండదు. కోసిన వాటి ఫోటోలు నాకు పంపు, చూసి చెప్తాను.

కప్పు బాగా కుదిరాక చెవి, అంటే పట్టుకునే పిడి, పెట్టాలనిపిస్తుంది. అప్పుడే తడి విషయంలో జాగ్రత్త. మట్టి ఆరుతూ, కాలుతూ కుంచించుకుపోతుంది, చాలా రకాల్లో మొత్తం మీద పది శాతం పైనే. ఆరిన కప్పుకి పచ్చి చెవి అతికిస్తే రెండూ వేర్వేరుగా కుంచించుకుని అతుకు దగ్గర చీలుతుంది. గోరు దిగకుండా గీత మాత్రమే పడే దశలో కప్పు, దాదాపు అంతే తడితో చెవి ఉండాలి. రెండు వైపులా గీతలు గీసి, పల్చటి మట్టి పూసి, గట్టిగా అదిమి పెట్టు. చెవి, పై అంచు ముందు ఆరిపోతాయి కాబట్టి వాటిని ప్లాస్టిక్ కవర్‌తో కప్పి ఉంచు. క్లాసు వారానికోసారే అయితే వచ్చేటప్పుడు కప్పు మొత్తాన్ని చుట్టేసి రా. లేకపోతే మళ్లీ వెళ్లేసరికి అడుగు చెక్కడానికి వీల్లేనంతగా ఎండిపోతుంది.

బట్టీలో కుండ పేలితే గాలి బుడగే కారణమని క్లాసులో ఎవరో ఒకరు అంటారు. అసలు కారణం చాలాసార్లు లోపల మిగిలిన తడి. నూరు డిగ్రీలు దాటగానే అది ఆవిరై, బయటికి దారి లేక గోడను పగలగొడుతుంది. లావుగా చేసినవి పేలేది అందుకే. కాల్చడానికి ఇచ్చేముందు చెంపకు ఆనించి చూడు. చల్లగా తగిలితే ఇంకా ఆరలేదని అర్థం, మరో వారం ఆగు.

మొదటి కాల్పు సుమారు 1000 డిగ్రీల దగ్గర అవుతుంది. అప్పటికి కుండ గట్టిపడుతుంది కానీ నీళ్లు పీలుస్తూనే ఉంటుంది. గ్లేజ్, అంటే కాలాక గాజులా మెరిసే పూత, అంటుకునేది ఆ గుణం వల్లే. రెండు మూడు సెకన్లు ముంచి తీస్తే చాలు, ఎక్కువసేపు ఉంచితే దట్టంగా పట్టి రెండో కాల్పులో కిందకు కారుతుంది. అడుగున అంటిన గ్లేజ్ తుడవకపోతే కుండ బట్టీ పలకకు అతుక్కుపోతుంది. తినడానికి, తాగడానికి వాడే వాటికి ఏ గ్లేజ్ వెయ్యొచ్చో టీచర్‌ని తప్పకుండా అడుగు.

వెళ్లేముందు గోళ్లు కత్తిరించుకో, ఉంగరాలు తీసెయ్యి. పని అయ్యాక బల్లను తడి స్పాంజ్‌తోనే తుడువు, ఎండిన మట్టిని చీపురుతో ఊడవకు. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పక్కవాళ్లు ఊడుస్తుంటే వద్దని చెప్పడానికి మొహమాటపడకు, పెద్దవాళ్లైనా సరే. చేతులు ముందు బకెట్‌లో కడుక్కుని తర్వాతే సింక్ దగ్గరికి వెళ్లు, మట్టి పేరుకుంటే గొట్టం మూసుకుపోతుంది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ