ఎయిర్‌ఫ్లో మీటర్ మార్చాలా, బాగు చేసుకోవచ్చా? మూత విప్పే ముందు ఇవి చూడండి

మీ కారు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అవుతుంది, వేడెక్కాక ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే నడుస్తున్నప్పుడు) ఊగిసలాడుతుంది, ఒకే వేగంలో వెళ్తుంటే చిన్న చిన్న కుదుపులు వస్తాయి, యాక్సిలరేటర్ కాస్త గట్టిగా తొక్కితే మళ్లీ మామూలైపోతుంది అని రాశారు. మెకానిక్ ఎయిర్‌ఫ్లో మీటర్, అంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచేది, పోయిందన్నాడు, కొత్తది దొరకట్లేదు, పాతదాన్నే బాగు చేసుకోవచ్చా అని మీ ప్రశ్న. నా దగ్గరున్న 70ల చివరినాటి కారు కూడా అచ్చం ఇలాగే చేసేది, అదే మీటర్ ఇప్పటికీ దాంట్లో పనిచేస్తోంది. కాబట్టి చాలావరకు బాగు చేసుకోవచ్చు. అయితే మీటర్ మీద చెయ్యి వేసే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటిని మాత్రం దాటేయకండి.

ముందుగా, నేను చెప్పేదంతా బాష్ ఎల్-జెట్రానిక్ తరహా ఫ్లాప్ మీటర్ గురించి. డాట్సన్ 280జెడ్, బీఎండబ్ల్యూ ఈ30, పోర్షే 944 లాంటి వాటిలో ఉండేది ఈ రకమే. లోపలికి వెళ్లే గాలి ఒక ఫ్లాప్‌ని, అంటే తలుపులాంటి రెక్కని, నెడుతుంది, గడియారం స్ప్రింగ్ లాంటి చుట్ట స్ప్రింగ్ దాన్ని వెనక్కి లాగుతుంది. ఫ్లాప్ ఎంత తెరుచుకుందో దాన్నిబట్టి ఒక సన్నటి లోహపు చెయ్యి, దాన్నే వైపర్ అంటారు, సిరామిక్ పలక మీద పూసిన కార్బన్ ట్రాక్ వెంట జారుతుంది. అలా జారేకొద్దీ వోల్టేజీ మారుతుంది, ఆ వోల్టేజీ చూసుకుని ఇంజిన్ కంప్యూటర్ పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు ఎంతసేపు తెరిచి ఉండాలో లెక్కేస్తుంది. మీ కారులో ఫ్లాప్ లేకుండా లోపల సన్నటి ప్లాటినం తీగ కనిపిస్తే అది హాట్‌వైర్ రకం, దానికి ఈ రిపేరు పనికిరాదు.

ఇంజిన్‌కి వెళ్లే గాలంతా ఈ ఫ్లాప్ గుండానే వెళ్తుందని కంప్యూటర్ నమ్ముతుంది. మీటర్ తర్వాత ఎక్కడ గాలి దూరినా అది లెక్కలోకి రాదు, గాలి, పెట్రోలు మిశ్రమంలో పెట్రోలు తక్కువై పలచబడుతుంది, లక్షణాలు మాత్రం మీటర్ పోయినట్టే ఉంటాయి. అందుకని మొదట మీటర్‌కీ థ్రాటిల్‌కీ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే గాలి ద్వారం) మధ్య ఉండే రబ్బరు గొట్టాన్ని ఊడదీసి, మడతల్ని చేత్తో సాగదీసి వెలుతురులో చూడండి. బిగించి ఉన్నప్పుడు చూస్తే ఏమీ కనపడదు, పగుళ్లు మడతల అడుగున దాక్కుంటాయి. లోడ్ పడి ఇంజిన్ పక్కకి ఒరిగినప్పుడే అవి నోళ్లు తెరుస్తాయి. నా కారులో సగం బాధ ఆ గొట్టం మార్చగానే పోయింది. ఆయిల్ ఫిల్లర్ మూత సీలు, డిప్‌స్టిక్ దగ్గర రబ్బరు, ఇంజెక్టర్ సీళ్లు, వాక్యూమ్ గొట్టాలు కూడా చూడండి. ఒక తేలికైన పరీక్ష ఉంది: ఐడిల్‌లో ఉండగా ఆయిల్ ఫిల్లర్ మూత తీయండి. ఈ రకం ఇంజిన్లు చాలావాటిలో మూత తీయగానే ఇంజిన్ తడబడాలి, ఆగిపోయినా ఆగిపోవాలి. ఏ తేడా లేదంటే ఇంకెక్కడో ముందే గాలి దూరుతోందని అనుమానించాలి. వీలైతే స్మోక్ టెస్ట్ (లోపలికి పొగ పంపి ఎక్కడ బయటికొస్తుందో చూసే పరీక్ష) చేయించండి, అంతకు మించింది లేదు.

రెండోది కూలెంట్ టెంపరేచర్ సెన్సర్, ఇంజిన్‌ని చల్లబరిచే నీటి వేడిని కంప్యూటర్‌కి చెప్పేది. వేడెక్కాక గొడవ అంటున్నారు కాబట్టి ఇది తప్పకుండా చూడాలి. బాష్ సెన్సర్ 20 డిగ్రీల దగ్గర సుమారు 2.5 కిలో ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర సుమారు 300 ఓమ్‌లు రెసిస్టెన్స్ చూపాలి. సెన్సర్ దగ్గర కాదు, కంప్యూటర్ ప్లగ్ దగ్గర కొలవండి. మధ్యలో వైరు తుప్పు పట్టి ఉంటే ఆ రెసిస్టెన్స్ కూడా కలుస్తుంది, ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. సెన్సర్ ఒక్కదాన్నే కొలిస్తే ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు.

ఇవన్నీ బాగుంటే అప్పుడు మీటర్ దగ్గరికి రండి. చాలామంది ఓమ్‌మీటర్ పెట్టి ఫ్లాప్ కదిపి, రీడింగ్ పైకీ కిందకీ గెంతుతోందని మీటర్‌ని పారేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఈ ట్రాక్‌కి పక్కనే ముక్కలు ముక్కలుగా రెసిస్టర్లు కలిపి ఉంటాయి, అందువల్ల మంచి మీటర్‌లో కూడా ఓమ్‌ల రీడింగ్ ఎగుడుదిగుడుగానే ఉంటుంది. చూడాల్సింది వోల్టేజీ. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసి, ప్లగ్ పెట్టే ఉంచి, వెనకనుంచి సిగ్నల్ పిన్‌కి వోల్ట్‌మీటర్ తగిలించి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేసి ఫ్లాప్‌ని వేలితో చాలా నెమ్మదిగా నెట్టండి. కొన్నిటిలో వోల్టేజీ పెరుగుతుంది, కొన్నిటిలో తగ్గుతుంది, అది ముఖ్యం కాదు. ఎక్కడా తెగకుండా సాఫీగా మారాలి, అంతే. ముల్లు ఉండే పాత వోల్ట్‌మీటర్ ఇక్కడ డిజిటల్ కంటే మేలు, ముల్లు ఒక్కసారి ఎగిరిపడితే కంటికి ఇట్టే దొరుకుతుంది. వోల్టేజీని తెర మీద గీతలా చూపే ఆసిలోస్కోప్ ఉంటే మరీ మంచిది. తేడాగా ఉన్న చోట ఫ్లాప్‌ని ఆపి, స్క్రూడ్రైవర్ పిడితో డబ్బా మీద మెల్లగా తట్టి చూడండి, వోల్టేజీ తుళ్లిపడితే దొంగ దొరికినట్టే. పాత మోడళ్లలో ఫ్లాప్ కదలగానే పెట్రోలు పంప్ తిరుగుతుంది, కాబట్టి ఈ పరీక్షకు ముందు పంప్ వైరు ఊడదీసి పెట్టండి.

అరుగుదల ఎప్పుడూ ట్రాక్ అంతటా సమానంగా ఉండదు. వైపర్ ఎక్కువసేపు నిలిచే చోట్లు రెండే, ఐడిల్, నిలకడగా వెళ్లే వేగం. నా మీటర్ మూత తీసి భూతద్దం పెట్టి చూస్తే నల్లటి కార్బన్ మీద సన్నటి మెరిసే చార కనిపించింది, ఐడిల్ ఉండే చోట కార్బన్ పూర్తిగా పోయి కింద తెల్లటి సిరామిక్ బయటపడింది. ఆ చారకి అటూ ఇటూ మాత్రం ట్రాక్ కొత్తదానిలా ఉంది. రిపేరు సాధ్యమయ్యేది అందుకే.

నల్ల మూతని సిలికాన్‌తో అంటించి ఉంటారు. పలచటి బ్లేడుతో చుట్టూ కోయండి, లోతుగా దించొద్దు, వైపర్ దగ్గర్లోనే ఉంటుంది. తెరిచాక మొదటి పని, స్ప్రింగ్ పళ్ల చక్రం ఇప్పుడెక్కడ ఉందో పెయింట్ చుక్క పెట్టుకోవడం. దాన్ని కదపమని కాదు, పొరపాటున కదిలితే తెలియడానికి. ఒక్క పన్ను జరిగినా అంతే గాలికి ఫ్లాప్ వేరే కోణంలో తెరుచుకుంటుంది, ఐడిల్ నుంచి ఫుల్ థ్రాటిల్ దాకా పెట్రోలు లెక్క మొత్తం మారిపోతుంది. ఇంకెక్కడో ఉన్న గాలి లీకుని కప్పిపుచ్చడానికి స్ప్రింగ్ తిప్పమని సలహా ఇచ్చేవాళ్లు కనిపిస్తారు, వాళ్ల మాట అస్సలు వినకండి.

ఫ్లాప్ మూసి ఉన్నప్పుడు, పూర్తిగా తెరిచినప్పుడు వోల్టేజీ ఎంతో రాసి పెట్టుకోండి. ట్రాక్‌ని పోగులు ఊడని బడ్‌తో, ఐసోప్రోపైల్ ఆల్కహాల్‌తో మెల్లగా తుడవండి. గరుకు కాగితం పెట్టి రుద్దితే మిగిలిన కార్బన్ కూడా పోతుంది. కరెంటు పారే పెయింట్ పూసేవాళ్లున్నారు, వైపర్ నాలుగు రోజులు రుద్దితే అది లేచిపోతుంది, నేనైతే దాని జోలికి పోను. పలక స్క్రూలతో బిగించి ఉంటే వాటిని వదులు చేసి పలకని ఒక మిల్లీమీటరో అంతకన్నా తక్కువో జరపండి, వైపర్ పాత చార పక్కన కొత్త దారిలో నడవాలి. పలక కదలని రకమైతే వైపర్ కొసని చాలా కొద్దిగా పక్కకి వంచాలి, కానీ కిందకి ఒత్తిడి పెరగకూడదు, పెరిగితే కొత్త చోటు కూడా త్వరగా అరుగుతుంది. జరిపాక రాసుకున్న రెండు వోల్టేజీలు మళ్లీ వస్తున్నాయా చూడండి, తేడా ఉంటే సరిచేసి అప్పుడు బిగించండి. ఈ సర్దుబాటుకే ఎక్కువ సమయం పడుతుంది, ఓపిక పట్టండి.

మూత తిరిగి అంటించడానికి న్యూట్రల్ క్యూర్ సిలికాన్ వాడండి. వెనిగర్ వాసన వచ్చేది లోపలి కాంటాక్టుల్ని తినేస్తుంది. ఫ్లాప్ ఎక్కడా డబ్బాకి రాసుకోకుండా చివరిదాకా వెళ్లి దానంతటదే వెనక్కి రావాలి. ఆయిల్ జిడ్డు ఉంటే క్లీనర్‌ని గుడ్డకి పట్టించి తుడవండి, నేరుగా స్ప్రే చేయొద్దు. బ్యాక్‌ఫైర్ (మంట గాలి గొట్టంలోకి వెనక్కి తన్నడం) అయిన కారైతే ఫ్లాప్ వంగిందేమో కూడా చూడండి. అంతా అయ్యాక వేడి ఇంజిన్ మీద పొగలో కార్బన్ మోనాక్సైడ్‌ని కొలిచే సీవో మీటర్‌తో ఐడిల్ మిశ్రమం సెట్ చేయించండి, దానికి వేరే బైపాస్ స్క్రూ ఉంటుంది, లోపలికి తిప్పితే పెట్రోలు వాటా పెరుగుతుంది.

సిరామిక్ పలక పగిలినా, ట్రాక్ వెడల్పంతా అరిగినా, ఫ్లాప్ ఇరుసు ఊగుతున్నా మార్చాల్సిందే. అప్పుడు పార్ట్ నంబర్ చివరి అంకె దాకా కలవాలి. చూడ్డానికి ఒకేలా ఉన్నా వేరే ఇంజిన్‌ది అయితే స్ప్రింగ్, ట్రాక్ రెండూ దాని లెక్కకి సెట్ చేసి ఉంటాయి. రీబిల్ట్ (పాతదాన్ని బాగుచేసి అమ్మేది) కొంటే గాలి ప్రవాహం కొలిచే బెంచ్ మీద కొలిచి సరిచేశారా, అంటే కాలిబ్రేట్ చేశారా, అని అడగండి, అది మీ కారులో సరిగ్గా నడిచేదాకా మీ పాతది చేజార్చుకోకండి. హాట్‌వైర్ కన్వర్షన్ కిట్లు కూడా ఉన్నాయి, పనిచేస్తాయి గానీ ట్యూనింగ్ తెలిసినవాళ్లు దగ్గరుండాలి, పాత మీటర్‌లో ఉండే గాలి ఉష్ణోగ్రత సెన్సర్‌కి కూడా ప్రత్యామ్నాయం చూసుకోవాలి.

మీ మీటర్‌లో పంప్ కాంటాక్ట్ (ఫ్లాప్ కదలగానే పెట్రోలు పంప్‌ని ఆన్ చేసే స్విచ్) ఉండి అది పోయిందనుకోండి, కొందరు రెండు వైర్లు కలిపేసి పంప్ ఎప్పుడూ తిరిగేలా చేస్తారు. అలా అస్సలు చేయనివ్వకండి. ప్రమాదం జరిగి ఇంజిన్ ఆగితే పెట్రోలు ఆపేది ఆ కాంటాక్టే. ఇంజిన్ తిరుగుతుంటేనే పంప్‌ని నడిపించే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పెట్టించండి.

గొట్టం చూశాక, వోల్టేజీ పరీక్ష చేశాక ఆ రీడింగులూ మీటర్ మీదున్న నంబరూ ఇక్కడే రాయండి, పలక జరిపే రకమో కాదో చూసి చెప్తాను.