ముప్పు సమాచారం: ఎవరి నుంచి ఎవరికి, ఎంతవరకు?

దేశంలో సైబర్ ముప్పుల సమాచారాన్ని సేకరించి, విశ్లేషించి, అవసరమైన వాళ్లకు చేరవేసే బాధ్యతను ఐటీ చట్టం 70బి సెక్షన్ దేశ కంప్యూటర్ అత్యవసర స్పందన బృందమైన సెర్ట్-ఇన్‌కు అప్పగించింది. ఆ సమాచారాన్ని అందుకునేవాళ్లు, అక్కడికి పంపాల్సినవాళ్లు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: మాకు వచ్చిన ఒక హెచ్చరిక మెయిల్‌లో దాదాపు 400 ఐపీ అడ్రస్‌లు ఉన్నాయి. అన్నిటినీ ఫైర్‌వాల్‌లో బ్లాక్ చేశాం. గంట తిరక్కుండానే మా పేమెంట్ పేజీ ఆగిపోయింది. జాబితాలో తప్పుందా, మా పనిలో తప్పుందా?
– సహకార బ్యాంకు ఐటీ విభాగం నుంచి

జవాబు: జాబితాను జాబితాగానే ఫైర్‌వాల్‌లో పోయడం దగ్గరే తప్పు జరిగింది. ఐపీ అడ్రస్ అద్దె ఇల్లు లాంటిది. నిన్న అందులో దొంగ ఉన్నాడు, ఇవాళ ఇంకెవరో ఉంటారు. పైగా క్లౌడ్ సంస్థలూ, సైట్లను వేగంగా చేరవేసే సీడీఎన్ అనే సర్వర్ల నెట్‌వర్క్‌లూ ఒకే అడ్రస్ వెనక వందల సైట్లను నడుపుతాయి. వాటిలో ఒక సైట్‌లో మాల్‌వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) దొరికితే అడ్రస్ జాబితాకెక్కుతుంది. మీ పేమెంట్ పేజీ వాడే స్క్రిప్ట్ కూడా అదే అడ్రస్ నుంచి వస్తుంటే జరిగేది మీకు జరిగిందే.

ఇలాంటి జాబితా చేతికి రాగానే ముందు బ్లాక్ చేయకండి, వెతకండి. గత 30 రోజుల ఫైర్‌వాల్, ప్రాక్సీ, డీఎన్‌ఎస్ లాగ్‌లలో ఈ అడ్రస్‌లు ఎక్కడైనా తగిలాయేమో చూడండి. దిశ కూడా ముఖ్యం. బయటి నుంచి మీ వైపు వచ్చి ఫైర్‌వాల్ దగ్గరే ఆగిపోయినవాటిలో ఎక్కువ భాగం రోజూ ఉండే రొద. లోపలున్న మీ కంప్యూటర్ ఒకటి వాటిలో ఏదో ఒక అడ్రస్‌కు తానే కనెక్ట్ అయినట్టు కనిపిస్తే మాత్రం మిగతా పని ఆపి ఆ యంత్రాన్ని నెట్‌వర్క్ నుంచి విడదీయండి. పవర్ మాత్రం ఆపొద్దు, మెమరీలో ఉన్న ఆధారాలు పోతాయి.

తర్వాత ఏరివేత. 10తోనో 192.168తోనో మొదలయ్యేవి, 127.0.0.1 లాంటివి లోపలి అడ్రస్‌లు కాబట్టి తీసేయాలి. 8.8.8.8 కూడా జాబితాల్లో తరచూ కనిపిస్తుంది. అది గూగుల్ డీఎన్‌ఎస్, అంటే సైట్ పేరును ఐపీ అడ్రస్‌గా మార్చి చెప్పే సేవ. మాల్‌వేర్‌ను పరీక్షా యంత్రంలో నడిపించినప్పుడు ఇంటర్నెట్ ఉందో లేదో చూసుకోవడానికి అది 8.8.8.8ను పలకరిస్తుంది. మాల్‌వేర్ తాకిన అడ్రస్‌లన్నీ విశ్లేషకుడు ఎత్తి జాబితాలో పెడితే ఇదీ వచ్చి చేరుతుంది. దాన్ని బ్లాక్ చేసి, ఇంటర్నెట్ పోయిందని సర్వీస్ ప్రొవైడర్‌ను తిట్టుకునేవాళ్లకు కొదవ లేదు.

మిగిలినవాటిని ఒక రోజు బ్లాక్ చేయకుండా, తగిలితే చెప్పమని అలర్ట్ మోడ్‌లో ఉంచండి. మామూలు లావాదేవీలు వాటిలో పడటం లేదని తేలాక బ్లాక్ చేయండి. ప్రతి రూల్‌కూ గడువు పెట్టండి. ఐపీకి 30 రోజులు, డొమైన్‌కు 90 రోజులు పెడితే మా లెక్కలో సరిపోతుంది. ఫైల్ హ్యాష్‌కు గడువు అక్కర్లేదు. హ్యాష్ ఫైల్ వేలిముద్ర లాంటిది, ఆ ఫైల్ ఎప్పటికీ చెడ్డదే. అయితే ఫైల్‌లో ఒక్క బిట్ మారినా హ్యాష్ మొత్తం మారిపోతుంది కాబట్టి దాన్నే నమ్ముకుని కూర్చోకూడదు.

చిన్న తప్పులు రెండున్నాయి, నష్టం మాత్రం పెద్దది. ఎవరూ పొరపాటున నొక్కకుండా హెచ్చరికల్లో డొమైన్ పేరులోని చుక్కను చదరపు బ్రాకెట్లలో పెట్టి రాస్తారు. ఆ బ్రాకెట్లు తీయకుండా అతికిస్తే రూల్ ఉన్నట్టే ఉంటుంది, ఎప్పటికీ తగలదు. రెండోది పీడీఎఫ్ నుంచి కాపీ చేసిన హ్యాష్. ఎస్‌హెచ్‌ఏ-256 రకం హ్యాష్ అయితే 64 అక్షరాలు, ఎండీ5 రకం అయితే 32 ఉండాలి. పీడీఎఫ్‌లో వరుస విరిగిన చోట సగం తెగిపోతుంది. చాలా పరికరాలు తప్పని చెప్పకుండానే దాన్ని తీసుకుంటాయి. అతికించాక అక్షరాలు లెక్కపెట్టండి.

ప్రశ్న: మెయిల్ పైన టీఎల్‌పీ యాంబర్ అని ఉంది. మా ఫైర్‌వాల్‌ను చూసుకునేది బయటి కంపెనీ. వాళ్లకు ఫార్వర్డ్ చేయొచ్చా?
– ఒక తయారీ సంస్థ సిస్టమ్ అడ్మిన్

జవాబు: టీఎల్‌పీ అంటే ట్రాఫిక్ లైట్ ప్రోటోకాల్, సమాచారాన్ని ఎవరితో పంచుకోవచ్చో రంగుల పేర్లతో చెప్పే పద్ధతి. ఇప్పుడు నడుస్తున్న 2.0 వెర్షన్‌ను ఫస్ట్ అనే అంతర్జాతీయ వేదిక 2022 ఆగస్టులో తెచ్చింది. రెడ్ అంటే ఆ సమావేశంలోనో ఆ మెయిల్‌లోనో ఉన్న వ్యక్తులకే, పక్క సీటులో ఉన్న సహోద్యోగికి కూడా కాదు. యాంబర్ అంటే మీ సంస్థలో తెలియాల్సినవాళ్లకు, తమను తాము కాపాడుకోవడానికి అది అవసరమైన మీ క్లయింట్లకు. యాంబర్ ప్లస్ స్ట్రిక్ట్ అంటే మీ సంస్థ గడప దాటకూడదు. గ్రీన్ అయితే మీ రంగంలోని తోటి సంస్థలకు చెప్పొచ్చు కానీ బహిరంగంగా పెట్టకూడదు. క్లియర్‌కు హద్దు లేదు. పాత వెర్షన్‌లో దాన్నే వైట్ అనేవారు.

మీ చిక్కు ఏమిటంటే, నిర్వచనంలో ఉన్నది క్లయింట్లు. మీకు సేవ అందించే కంపెనీ మీ క్లయింట్ కాదు. వాళ్ల ఇంజనీర్లు కాంట్రాక్టు ప్రకారం మీ భద్రతా బృందంలో భాగంగా, గోప్యతా ఒప్పందం కింద పనిచేస్తుంటే వాళ్లను సంస్థలోపలి వాళ్లుగానే చూసే అలవాటు ఉంది. అయినా పంపినవాళ్లను ఒక్క మాట అడగడమే సరైన దారి. లేబుల్ పెట్టిన మూలానికే దాన్ని సడలించే హక్కు ఉంటుంది. అనుమతి కోరితే తప్పుగా అనుకుంటారని జంకక్కర్లేదు, రోజూ జరిగేదే. జవాబు వచ్చేలోగా మెయిల్ మొత్తం కాకుండా, బ్లాక్ చేయాల్సిన ఆనవాళ్లను (ఐపీలు, డొమైన్‌లు, హ్యాష్‌లు) మీరే ఫైర్‌వాల్‌లో ఎక్కించుకోండి.

మీరే ఎవరికైనా పంపేటప్పుడు లేబుల్‌ను మెయిల్ సబ్జెక్ట్‌లోనూ, సమాచారం మొదలయ్యే ముందూ పెట్టండి. డాక్యుమెంట్ అయితే ప్రతి పేజీ పైనా కిందా ఉండాలి. మొదటి పేజీలో మాత్రమే పెడితే మూడో పేజీ స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పెట్టేవాళ్లకు అడ్డే ఉండదు. ఒక నివేదికలో కథనం యాంబర్, ఆనవాళ్లు గ్రీన్ అనుకుంటే రెండు ఫైళ్లుగా పంపడం మేలు. ఒకే ఫైల్‌లో పెడితే పాఠకుడు మొత్తాన్నీ యాంబర్‌గా చూస్తాడు, పక్క సంస్థకు అందాల్సిన ఆనవాళ్లు మీ దగ్గరే ఆగిపోతాయి. జాగ్రత్త పేరుతో అన్నిటికీ రెడ్ తగిలించే అలవాటు కూడా ఇలాంటి హానే చేస్తుంది.

ప్రశ్న: దాడి జరిగిన ఆరు గంటల్లో రిపోర్ట్ చేయాలంటున్నారు. ఆరు గంటల్లో ఏం జరిగిందో మాకే తెలియదు కదా, ఏం రాయాలి?
– ఆసుపత్రి ఐటీ మేనేజర్

జవాబు: గడియారం దాడి జరిగిన క్షణం నుంచి కాదు, మీరు గమనించినప్పటి నుంచి, లేదా మీ దృష్టికి ఎవరైనా తెచ్చినప్పటి నుంచి మొదలవుతుంది. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల్లో ఉన్నది ఇదే. తర్వాత విడుదలైన వివరణల ప్రకారం ఆరు గంటల్లో చేతిలో ఉన్నది ఇస్తే చాలు, మిగతాది తర్వాత సమంజసమైన గడువులో పంపొచ్చు. ఈమెయిల్, ఫోన్, ఫ్యాక్స్ దేని ద్వారానైనా చెప్పొచ్చు.

మొదటి రిపోర్ట్‌లో ఇవి ఉంటే చాలు: ఎప్పుడు గమనించారు, ఏ వ్యవస్థ, దాని ఐపీ, ఆపరేటింగ్ సిస్టమ్, కనిపించిన లక్షణం, ఇప్పటిదాకా మీరు చేసింది, రాత్రి రెండు గంటలకైనా ఫోన్ ఎత్తే మనిషి నంబర్. ‘హ్యాక్ అయింది’ అని ఒక్క ముక్కలో రాస్తే అవతలివాళ్లకు దేనితో కలిపి చూడాలో తెలియదు. ‘బిల్లింగ్ సర్వర్‌లో ఫైళ్ల పేర్ల చివర కొత్త పొడిగింపు చేరింది, ప్రతి ఫోల్డర్‌లో డబ్బు అడిగే నోట్ ఉంది’ అని రాస్తే ఇంకో ఊళ్లో వచ్చిన రిపోర్ట్‌తో జత కుదరొచ్చు. కారణం ఊహించి రాయకండి. ఊహ రాయక తప్పదనుకుంటే అది ఊహేనని పక్కన రాయండి.

ఎక్కువగా పొరపాటు దొర్లేది సమయం దగ్గర. తరచూ ఫైర్‌వాల్ లాగ్ యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో, సర్వర్ లాగ్ మన సమయంలో ఉంటాయి. యూటీసీ 21:40 అంటే మనకు మర్నాడు తెల్లవారుజామున 3:10. ఐదున్నర గంటల ఈ తేడాను చూడకపోతే దాడికి ముందు జరిగినది తర్వాత జరిగినట్టు కనిపిస్తుంది. ప్రతి సమయం పక్కనా యూటీసీనో ఐఎస్‌టీనో రాయండి. వ్యవస్థల గడియారాలను ఎన్‌ఐసీ (జాతీయ ఇన్ఫర్మాటిక్స్ కేంద్రం) లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) టైమ్ సర్వర్లతో, లేదా వాటికి అనుసంధానమైన సర్వర్లతో సరిచూసుకోవాలని అదే ఆదేశాలు చెబుతున్నాయి. 180 రోజుల లాగ్‌లు దాచాలన్నదీ అక్కడే ఉంది. మీ ఫైర్‌వాల్‌లో డిస్క్ నిండగానే పాత లాగ్ చెరిగిపోయే సెట్టింగ్ ఉందేమో ఇవాళే చూడండి. చాలాచోట్ల రెండు వారాలకు మించి మిగలదు.

ప్రశ్న: వందల చోట్ల నుంచి వచ్చే సమాచారంలో ఏది నిజమో ఏజెన్సీలు ఎలా తేలుస్తాయి?
– ఇంజనీరింగ్ విద్యార్థిని

జవాబు: నిఘా రంగంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న పద్ధతి అడ్మిరాల్టీ కోడ్. చెప్పినవాడికి ఒక అక్షరం, చెప్పిన మాటకు ఒక అంకె వేస్తారు. అక్షరాలు ఏ నుంచి ఎఫ్ వరకు, అంకెలు 1 నుంచి 6 వరకు. ‘ఏ’ అంటే పూర్తిగా నమ్మదగిన మూలం, ‘ఈ’ అంటే నమ్మకూడనిది. 1 అంటే వేరే మూలాల ద్వారా రూఢి అయిన మాట, 5 అంటే నిజం కాకపోవచ్చనే మాట. ఎఫ్, 6 మాత్రం అట్టడుగు మార్కులు కావు, ‘అంచనా వేయలేం’ అని అర్థం. కొత్త మూలం మొదటిసారి చెప్పిన మాట ఎఫ్6గా మొదలవుతుంది. ఎఫ్‌ను ‘ఈ’ కంటే చెడ్డదిగా చదివి మంచి సమాచారాన్ని చెత్తబుట్టలో వేసే పొరపాటు కొత్తవాళ్లు తరచూ చేస్తారు. మనిషినీ మాటనూ విడదీయడంలోనే ఈ పద్ధతి పదును ఉంది. నమ్మకస్తుడు కూడా పొరపడతాడు, అబద్ధాలకోరు కూడా ఒక్కోసారి నిజం చెబుతాడు.

దీన్ని కూడా బోల్తా కొట్టించేది చుట్టుతిరిగి వచ్చే సమాచారం. మూడు సంస్థలు ఒకే ఆనవాలు పంపాయి, మూడూ చదివింది ఒకే నివేదిక. లెక్కలో మూడు మూలాలు, నిజానికి ఒకటే. అందుకే ‘నీకెలా తెలుసు’ అనే గడి ఖాళీగా ఉన్న సమాచారాన్ని అనుభవమున్న విశ్లేషకులు పక్కన పెడతారు.

భద్రపరిచే పద్ధతికి వస్తే, ఇప్పుడు ఎక్కువ చోట్ల వాడేది స్టిక్స్ అనే ప్రమాణం. 2.1 వెర్షన్‌కు 2021లో, ప్రమాణాలు రూపొందించే ఓయాసిస్ సంస్థ ఆమోదం దక్కింది. ఇందులో మాల్‌వేర్ ఒక వస్తువు, ఆనవాలు ఒక వస్తువు, దాడి చేసే ముఠా ఒక వస్తువు. వాటి మధ్య సంబంధం కూడా విడిగా ఒక వస్తువే: ఈ ఆనవాలు ఈ మాల్‌వేర్‌ను సూచిస్తుంది, ఈ మాల్‌వేర్‌ను ఈ ముఠా వాడుతుంది అని. ఆనవాలుకు ఎప్పటి నుంచి ఎప్పటివరకు చెల్లుతుందో, ఎంత నమ్మకమో 0 నుంచి 100 లోపు రాసే గడులున్నాయి. టీఎల్‌పీ లేబుల్ కూడా దానికే అంటుకుని ఉంటుంది. ట్యాక్సీ అనే ప్రోటోకాల్ దీన్ని ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి మోస్తుంది. సెర్ట్-ఇన్ కూడా వివిధ రంగాల సంస్థలకు తగిన హెచ్చరికలు పంపే ఆటోమేటెడ్ వేదికను నడుపుతోంది. అయితే చెల్లే గడువు గడిని ఖాళీగా వదిలేసేవాళ్లే ఎక్కువ. మొదటి ప్రశ్నలోని బ్యాంకు తలనొప్పికి ఇలాంటి ఖాళీ గడులూ ఒక కారణం కావొచ్చు.

ప్రశ్న: రిపోర్ట్ చేస్తే మా కంపెనీ పేరు బయటపడుతుందని మా డైరెక్టర్ భయం.
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: సెర్ట్-ఇన్ పనితీరుపై 2013లో వచ్చిన నియమాల ప్రకారం, బాధిత సంస్థను గుర్తుపట్టేలా చేసే సమాచారాన్ని లిఖిత అనుమతి గానీ కోర్టు ఆదేశం గానీ లేకుండా వెల్లడించకూడదు. దేశ భద్రత వంటి కారణాలతో ప్రభుత్వ ఏజెన్సీలకు ఇవ్వడం వేరే సంగతి. మీ వైపు నుంచి కూడా కొంత జాగ్రత్త అవసరం. పంపే లాగ్‌లో యూజర్ పేర్లు, సర్వర్ పేర్లలో దూరిన కంపెనీ పేరు, రోగి లేదా ఖాతా నంబర్లు తీసేయండి. దాడి చేసినవాడి అడ్రస్, సమయం, ఫైల్ హ్యాష్ మాత్రం ముట్టుకోకండి. భయపడి అవి కూడా చెరిపేస్తే రిపోర్ట్‌లో మిగిలేది ఏమీ ఉండదు. ఏవి తీశారో ఒక వాక్యంలో చెప్పండి.

ప్రశ్న: సెర్ట్-ఇన్, ఎన్‌సీఐఐపీసీ, 1930: ఎవరికి ఏది చెప్పాలి?
– చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ నడిపేవారు

జవాబు: వ్యక్తిగా డబ్బు పోతే 1930, అది కేంద్ర హోం శాఖ కింద పనిచేసే సైబర్ నేరాల హెల్ప్‌లైన్. వ్యవస్థ మీద దాడి అయితే సెర్ట్-ఇన్. విద్యుత్, బ్యాంకింగ్, టెలికాం వంటి రంగాల్లో కీలక సమాచార వ్యవస్థగా ప్రకటించినదైతే, 70ఎ సెక్షన్ కింద 2014లో నోటిఫై అయిన ఎన్‌సీఐఐపీసీ (జాతీయ కీలక సమాచార వ్యవస్థల రక్షణ కేంద్రం)కి కూడా చెప్పాలి. సెర్ట్-ఇన్ పోలీసు సంస్థ కాదు, ఎఫ్‌ఐఆర్ కావాలంటే స్టేషన్‌కే వెళ్లాలి.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ లోపాల గురించి చెప్పే వల్నరబిలిటీ నోట్‌లు రోజూ ఇన్ని వస్తున్నాయి. ముందు ఏ ప్యాచ్ వేయాలి?

జవాబు: క్రిటికల్ అన్న ముద్రను బట్టి వరుస పెట్టకండి. నోట్‌లోని సీవీఈ నంబర్ (ఆ లోపానికి ఇచ్చిన గుర్తింపు సంఖ్య) చూసి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆ సాఫ్ట్‌వేర్ మన దగ్గర ఉందా? ఇంటర్నెట్ వైపు తెరిచి ఉందా? దాన్ని ఇప్పటికే దాడుల్లో వాడుతున్నారా? మూడో దానికి అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా 2021 నవంబరు నుంచి నడుపుతున్న, దాడుల్లో వాడినట్టు తేలిన లోపాల జాబితా అందరికీ అందుబాటులో ఉంది. మూడింటికీ అవునంటే ఆ రాత్రే వేయండి.

ప్రశ్న: మా జిల్లాలో ఎన్ని సంస్థలు దాడికి గురయ్యాయో ఆర్టీఐ కింద సెర్ట్-ఇన్‌ను అడగొచ్చా?

జవాబు: కుదరదు. 2023 నవంబరులో సెర్ట్-ఇన్‌ను సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూల్‌లో, అంటే ఆ చట్టం వర్తించని సంస్థల జాబితాలో చేర్చారు. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించిన సమాచారానికే మినహాయింపు. అడ్వైజరీలు, వల్నరబిలిటీ నోట్‌లు మాత్రం వాళ్ల వెబ్‌సైట్‌లోనే బహిరంగంగా ఉంటాయి. అడ్వైజరీ నంబర్ సీఐఏడీతో, నోట్ నంబర్ సీఐవీఎన్‌తో మొదలవుతుంది.