జెర్సీ సిటీలో స్కూలు వెతికేవాళ్లకి

"పదికి నాలుగు రేటింగ్ ఉన్న స్కూల్లో పాపని ఎలా వేస్తామండీ, ఎడిసన్ వెళ్లిపోదామా?" జర్నల్ స్క్వేర్, న్యూపోర్ట్ వైపు కొత్తగా దిగిన మనవాళ్లు ఎక్కువమంది అడిగేది ఇదే. మనవాళ్లు ఎక్కువుండే ఆ ఊరికి వెళ్లాలనుంటే శుభ్రంగా వెళ్లండి, కానీ ఆ నాలుగు చూసి మాత్రం వద్దు.

గ్రేట్‌స్కూల్స్ లాంటి సైట్లలో కనిపించే ఆ అంకెలో పెద్ద వాటా రాష్ట్ర పరీక్షల మార్కులదే. న్యూజెర్సీలో ఆ పరీక్షలు థర్డ్ గ్రేడ్ నుంచే మొదలవుతాయి, అంటే మీ పాప కిండర్‌గార్టెన్ టీచర్ గురించి అది చెప్పేది ఏమీ లేదు. పైగా మార్కులు తల్లిదండ్రుల చదువు, సంపాదన వెంటే నడుస్తాయి. ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉండి సాయంత్రం కూర్చోబెట్టి చదివించే ఇళ్లు ఎక్కువున్న చోట రేటింగ్ దానంతటదే పెరుగుతుంది. అందులో స్కూలు గొప్ప ఎంతో ఎవరికి తెలుసు?

రాష్ట్ర విద్యాశాఖ ప్రతి స్కూలుకీ ఏటా పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ ఇస్తుంది, ఉచితంగా చూసుకోవచ్చు. అందులో గ్రోత్ అని ఉంటుంది, ముందు దాన్ని చూడండి. పోయినేడాది ఇవే మార్కులొచ్చిన రాష్ట్రంలోని మిగతా పిల్లలతో పోలిస్తే ఈ స్కూలు పిల్లలు ఈ ఏడాది ఎంత ముందుకెళ్లారో చెబుతుంది. 50 దగ్గరుంటే సగటు. మార్కులు తక్కువున్నా గ్రోత్ బాగున్న స్కూలుంటే నేనైతే అదే ముందు చూస్తాను. తర్వాత పిల్లలు ఎంతమంది తరచూ మానేస్తున్నారో చూడండి, అది కూడా అందులోనే ఉంటుంది. 10 శాతం రోజులు రాకపోతే ఆ లెక్కలోకి వచ్చేస్తారు. ఏడాదికి 180 రోజులనుకుంటే 18, కాబట్టి టికెట్లు చవకని స్కూలు నడిచే రోజుల్లో నెల్లాళ్లు ఇండియా ట్రిప్ పెట్టుకునేవాళ్లు కాస్త చూసుకోండి.

ఇక ఎడిసన్ వైపు చూసే ముందు ప్రీకే, అంటే కిండర్‌గార్టెన్‌కి ముందు క్లాసుల సంగతి. పేద ఊళ్ల స్కూళ్లకి నిధుల కోసం నడిచిన ఆబట్ కేసులో 1998లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల జెర్సీ సిటీ లాంటి కొన్ని ఊళ్లలో 3, 4 ఏళ్ల పిల్లలకి రోజంతా ప్రీకే ఉచితం, క్లాసులో 15 మందికి మించకూడదు. ప్రైవేటు డేకేర్ ఫీజు కనుక్కున్నవాళ్లకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. సీటు మాత్రం మీరు కోరిన బడిలోనే వస్తుందని లేదు.

చార్టర్ స్కూళ్లని డిస్ట్రిక్ట్ కాకుండా వేరే బోర్డులు నడుపుతాయి, కానీ అవి కూడా పబ్లిక్ స్కూళ్లే, ఫీజుండదు. అడిగినవాళ్లు ఎక్కువైతే లాటరీ. ఆ సీటు వస్తుందన్న ధీమాతో ఇల్లు తీసుకోకండి. మామూలు స్కూలు అడ్రస్‌ని బట్టే, అందుకని లీజు మీద సంతకం పెట్టేలోపు ఆ బిల్డింగ్ ఏ స్కూలు కిందికి వస్తుందో స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసులోనే అడగండి. బ్రోకర్ మాట వద్దు, వాడికి ఇల్లు అద్దెకి పోతే చాలు.

చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడుగుతారు. ఇంగ్లిష్ అని రాసేసేవాళ్లున్నారు, ఈఎస్ఎల్‌లో, అంటే ఇంగ్లిష్ సరిగా రానివాళ్ల క్లాసులో పడేస్తారని భయం. తెలుగు అనే రాయండి. అవసరమైతే చిన్న పరీక్ష పెడతారు, పిల్లకి ఇంగ్లిష్ వస్తే అక్కడితో సరి, రాకపోతే ఆ సాయం ఫ్రీగా వస్తుంది. వీసా ఏంటని మాత్రం బడి అడగకూడదు, హెచ్1బీ వాళ్ల మీద ఆధారపడి హెచ్4 వీసాలో వచ్చిన పిల్లలకీ అదే హక్కు. ఇండియాలో వేయించిన టీకాల కార్డు, తారీఖులు చదవగలిగేలా ఉన్నది, హ్యాండ్ లగేజీలోనే పెట్టుకు రండి. ప్రీకే పిల్లలకైతే డిసెంబర్ 31లోపు ఫ్లూ షాట్ కూడా పడాలి.