మీ అబ్బాయి చదివే డిస్ట్రిక్టులోనే ప్రయత్నించండి

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ గణితం, బీఈడీ చేశాను. ఒక ప్రైవేటు హైస్కూల్లో ఆరేళ్లు తొమ్మిది, పది తరగతులకు లెక్కలు చెప్పాను. మా వారి ఉద్యోగం వల్ల ఇప్పుడు అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని బ్లూమింగ్టన్‌లో ఉంటున్నాం. మా వారి ఉద్యోగ వీసా వల్ల భార్యగా నాకు వచ్చిన హెచ్-4 వీసా మీద పని అనుమతి కార్డు వచ్చింది. తెలిసినవారంతా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకోమంటున్నారు. నాకు మాత్రం బడి మీదే మనసు. అయితే డిస్ట్రిక్ట్ 87 బడిలో నాలుగో తరగతి చదివే మా అబ్బాయే నా భాగహారం చూసి, ‘అమ్మా, మా టీచరు ఇలా చెయ్యరు’ అంటున్నాడు. ఇక్కడి బడుల్లో నాకు ఉద్యోగం దొరుకుతుందా?

జవాబు: అమ్మా, బడి వైపే వెళ్లండి. ఆరేళ్లపాటు పదో తరగతి పిల్లల చేత పబ్లిక్ పరీక్షలు రాయించారు. ఆ అనుభవాన్ని మూటగట్టి అటక మీద పెట్టి, ఇష్టం లేని పనిని మొదటి నుంచి నేర్చుకోమని నేను చెప్పలేను. జీతం మొదట్లో సాఫ్ట్‌వేర్ కంటే తక్కువే. కానీ మీ పనివేళలు, సెలవులు మీ అబ్బాయి వేళలతో కలుస్తాయి. పరాయి దేశంలో ఇది చిన్న సంగతి కాదు.

ముందుగా ఒక్క విషయం తెలుసుకోండి. అక్కడ డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా కాదు. బడులు నడపడానికే ఏర్పడిన స్థానిక సంస్థ అది. ఏడుగురు సభ్యుల బోర్డును ఊరి వాళ్లే ఎన్నుకుంటారు, ఇళ్ల మీద ఆస్తి పన్నులో దానికీ వాటా ఉంటుంది, టీచర్లను అదే నియమించుకుంటుంది. మన డీఎస్సీలాగా రాష్ట్రమంతటికీ ఒకే నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సిన పని లేదు. బోధించడానికి లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర విద్యాబోర్డు, ఉద్యోగం ఇచ్చేది డిస్ట్రిక్ట్. ఈ రెండూ వేరని గుర్తుంచుకుంటే సగం అయోమయం తీరుతుంది.

2020 లెక్కల ప్రకారం మీ ఊరి జనాభా 78,680. డిస్ట్రిక్ట్ 87లో ఆరు ప్రాథమిక బడులు, ఒక జూనియర్ హైస్కూలు, ఒక హైస్కూలు ఉన్నాయి. పక్కనే యూనిట్ 5 అనే మరో డిస్ట్రిక్ట్ ఉంది. నార్మల్ పట్టణం, బ్లూమింగ్టన్‌లో కొంత భాగం, చుట్టుపక్కల పల్లెలు దాని కిందికి వస్తాయి. రెండింటికీ దరఖాస్తు చేయండి. అన్నట్టు, 1874లోనే ఆ నగరం తన బడులన్నిటి మీద సారా రేమండ్ అనే మహిళను సూపరింటెండెంట్‌గా నియమించింది. పక్క ఊరికి నార్మల్ అనే పేరు కూడా 1857లో వెలసిన ఉపాధ్యాయ శిక్షణ కళాశాల వల్లే వచ్చింది. అదే నేటి ఇల్లినాయ్ స్టేట్ యూనివర్సిటీ. టీచరు కావాలనుకునేవారికి అంతకంటే తగిన ఊరు దొరకదు.

మొదటి పని సర్టిఫికెట్ల మూల్యాంకనం. డిగ్రీ, ఎమ్మెస్సీ, బీఈడీ మూడింటికీ ట్రాన్స్‌క్రిప్టులు నాగార్జున నగర్ నుంచి తెప్పించి, రాష్ట్ర బోర్డు గుర్తించిన సంస్థతో కోర్సు కోర్సుకూ లెక్క కట్టించండి. అన్నిటికంటే ఆలస్యమయ్యేది ఇదే కాబట్టి ఈ వారమే మొదలుపెట్టండి. మీ చదువు అక్కడి బ్యాచిలర్ డిగ్రీకి సమానమని తేలితే సబ్‌స్టిట్యూట్ టీచరు లైసెన్సుకు దరఖాస్తు చేయవచ్చు. దానికి బీఈడీ కూడా అక్కరలేదు. ఉద్యోగంలో చేరే ముందు వేలిముద్రలతో నేర చరిత్ర తనిఖీ, ఆరోగ్య పరీక్ష ఉంటాయి.

సబ్‌స్టిట్యూట్ అంటే చిన్నచూపు వద్దు. సెలవు పెట్టిన టీచరు బల్ల మీద మీ కోసం ఒక ఫోల్డరు ఉంటుంది. ఎవరు ఎక్కడ కూర్చుంటారు, గంట ఎప్పుడు మోగుతుంది, మందు వేసుకోవడానికి ఏ పిల్ల నర్సు దగ్గరికి వెళ్లాలి, అగ్నిప్రమాదం వస్తే ఎలా తప్పించుకోవాలో చేయించే అభ్యాసంలో ఏ తలుపు గుండా బయటికి నడిపించాలి, అన్నీ అందులో రాసి ఉంటాయి. అలాంటి ఫోల్డర్లు ముప్పై చదివితే ఆ బడులు ఎలా నడుస్తాయో ఏ కోర్సూ నేర్పలేనంతగా తెలుస్తుంది. మీ పేరు ప్రిన్సిపాళ్లకూ తెలుస్తుంది.

ఇక భాగహారం సంగతి. మనం భాజకాన్ని ఎడమ పక్కన, భాగఫలాన్ని కుడి పక్కన రాస్తాం. వాళ్లు భాగఫలాన్ని పైన గీత మీద రాస్తారు. లెక్క ఒక్కటే, గీత మారిందంతే. అబ్బాయినే పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ల టీచరు పద్ధతి మీకు నేర్పమనండి. వాడికి గర్వంగా ఉంటుంది, మీకు అక్కడి తరగతి భాష పట్టుబడుతుంది. అక్కడ జవాబు ఎంత వచ్చిందనే దానితో పాటు అదెలా వచ్చిందో పిల్లవాడు నోటితో చెప్పాలి. మీరు సాధన చేయాల్సింది అలా చెప్పించడమే. యాస గురించి దిగులు పడకండి.

చాలామంది మన వాళ్లకు తెలియని దారి ఇంకొకటి ఉంది. ఇంగ్లిషులో ఇంకా నిలదొక్కుకోని పిల్లలు, ఒకే ఇంటి భాష ఉన్నవారు, ఒక బడిలో 20 మంది లేదా అంతకు మించి ఉంటే, ఆ భాషలోనూ బోధించే ఏర్పాటు చేయాలని ఇల్లినాయ్ చట్టం చెబుతోంది. దానికోసం ద్విభాషా బోధనకు ఐదేళ్లు చెల్లే ప్రత్యేక లైసెన్సు ఉంది. డిగ్రీతో పాటు ఆ భాషలోనూ ఇంగ్లిషులోనూ ప్రావీణ్యం నిరూపించుకోవాలి. తెలుగు పిల్లలు ఏ బడిలో ఎందరున్నారో రెండు డిస్ట్రిక్టుల ఆంగ్ల అభ్యాసకుల విభాగాన్నీ స్వయంగా వెళ్లి అడగండి. తెలుగు చదవడం, రాయడం చక్కగా వచ్చిన లెక్కల టీచరు వాళ్లకు తరచుగా దొరకరు.

మీ అసలు గమ్యం మాత్రం పూర్తి ఉపాధ్యాయ లైసెన్సు. అక్కడ 5 నుంచి 8, 9 నుంచి 12 తరగతులకు అర్హతలు వేరు. మీ అనుభవానికి రెండోది తగినది. గణితంలో రాష్ట్ర పరీక్ష రాయాలి. బీఈడీలో వాళ్ల లెక్కకు ఏవైనా కోర్సులు తగ్గితే ఇల్లినాయ్ స్టేట్‌లో చదివి పూర్తి చేయవచ్చు. 2023-24 నుంచి ఆ రాష్ట్రంలో పూర్తికాల టీచరుకు కనీస వార్షిక వేతనం 40 వేల డాలర్లు, ఆ తర్వాత ధరల సూచీని బట్టి పెరుగుతుంది. జీతంలో 9 శాతం టీచర్ల పింఛను నిధికి వెళ్తుంది. పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. అంతకు ముందే దేశం వదిలి వస్తే మీరు కట్టిన సొమ్ము వెనక్కి అడగవచ్చు.

నాకు నిజంగా ఆందోళన కలిగించేది మీ పని అనుమతి కార్డు. 2025 అక్టోబరు 30 నుంచి పెట్టే పునరుద్ధరణ దరఖాస్తులకు పాత కార్డు గడువు దానంతట అదే పెరిగే వెసులుబాటు పోయింది. కొత్త కార్డు రాకముందే గడువు ముగిస్తే మర్నాడు తరగతిలో అడుగు పెట్టకూడదు. గడువుకు 180 రోజుల ముందు నుంచే దరఖాస్తుకు వీలుంటుంది. ఆ తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకుని, వకీలుతో మాట్లాడి, ఆ రోజే పంపండి.

మూల్యాంకన నివేదిక చేతికి రాగానే నాకు మళ్లీ రాయండి. ఏ కోర్సులు తగ్గాయో ఇద్దరం కలిసి చూద్దాం.