ఆర్కేడ్ మెషీన్ జివ్వుమంటోందా? ముందు సాకెట్ చూడండి

బెంగళూరు మారతహళ్లి అద్దె ఇంట్లో ఆర్కేడ్ మెషీన్ (కాయిన్ వేసి ఆడే వీడియో గేమ్) ప్యానెల్ ముట్టుకుంటే జివ్వుమంటోందని, ఎస్‌ఎంపీఎస్ (లోపలి పవర్ సప్లై) మార్చినా తగ్గలేదని రాశారు. తగ్గదు బ్రదర్. ఏ ఎస్‌ఎంపీఎస్‌లోనైనా ఫిల్టర్ కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటును బాడీకి వదులుతాయి. ఎర్త్ ఉంటే అది అటే పోతుంది. లేకపోతే బాడీ మీద 110 వోల్టుల దాకా కనిపిస్తుంది.

మల్టీమీటర్‌ను ఏసీ 750 రేంజిలో పెట్టి సాకెట్ కొలవండి. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 230 దరిదాపుల్లో, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకు మించకుండా రావాలి. రాకపోతే ఓనర్‌కి చెప్పి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి. సాకెట్‌లో పైన పెద్ద ఎర్త్ రంధ్రం ఉందని వెనక ఎర్త్ వైరు కూడా ఉందనుకోకండి. కొందరు మహానుభావులు అక్కడే న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపేస్తారు, అస్సలు ఒప్పుకోవద్దు. న్యూట్రల్ తెగిన రోజు 230 వోల్టులూ ప్యానెల్ మీదే ఉంటాయి.

సాకెట్ బాగుంటే, మూడు పిన్నుల ప్లగ్ నుంచి ఆకుపచ్చ వైరును ఎస్‌ఎంపీఎస్ బాడీకి, ప్యానెల్‌కి, కాయిన్ డోర్‌కి వేయండి. రింగ్ లగ్ (వైరు చివర వేసే గుండ్రటి మెటల్ కొన) బిగించే చోట పెయింట్ గీకాలి. లగ్గులు బెంగళూరు ఎస్‌పీ రోడ్ ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరుకుతాయి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్) కూడా పెట్టించండి. మానిటర్ పాత సీఆర్‌టీ (గాజు పిక్చర్ ట్యూబు రకం) అయితే మాత్రం ప్లగ్ పీకేశాక కూడా దాని దగ్గర చేయి పెట్టకండి, ట్యూబులో వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు.