లేజర్‌తో గ్రాఫీన్ చేయబోతున్న మేనల్లుడికి

అనంతపురం

చిరంజీవి శ్రీనివాసుకు మేనత్త ఆశీస్సులు.

కడపలో నేమ్‌బోర్డులు చెక్కే నీ స్నేహితుడి దుకాణంలోని కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో గ్రాఫీన్, అంటే ఒక్క పరమాణువు మందంలో వలలా అల్లుకున్న కార్బన్ పొర, చేయవచ్చా అని అడిగావు. నిస్సందేహంగా చేయవచ్చు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ టూర్ బృందం 2014లో ఈ పద్ధతిని ప్రకటించినప్పుడు వాడినదీ అటువంటి యంత్రమే, అదీ మామూలు గాలిలోనే.

వేడిని తట్టుకునే ప్లాస్టిక్ అయిన పాలీఇమైడ్ పొర, జిగురు లేనిది, కొను. కాప్టన్ పేరుతో దొరుకుతుంది. 10.6 మైక్రోమీటర్ల పరారుణ కిరణం తగిలిన చోట వేడి ఒక్కసారిగా పెరిగి, పాలిమర్‌లోని ఆక్సిజన్, నైట్రోజన్ వాయువులుగా వెళ్ళిపోగా, మిగిలిన కార్బన్ షడ్భుజాల వలగా కుదురుకుంటుంది. ఆ వాయువులు తోసుకొని బయటికి రావడం వల్లనే పొర నురుగులా గుల్లబారుతుంది.

అయితే నల్లగా కనిపించినదల్లా గ్రాఫీన్ అనుకోవద్దు. శక్తి చాలకపోతే విద్యుత్తు సరిగా పారని బొగ్గు మిగులుతుంది, మితిమీరితే పొర కాలి చిల్లు పడుతుంది. అందుకే ఒకే కొలతలో పట్టీలు గీసి, రెండు చివరలా వెండి పేస్టు పూసి, మల్టీమీటరుతో నిరోధం చూసి రాసుకో. ఒక విడతలో శక్తిని గానీ వేగాన్ని గానీ ఒక్కదాన్నే మార్చు. కటకం ఎత్తు కదిలితే పాత అంకెలు పనికిరావు. తక్కువ నిరోధం వచ్చిన పట్టీని ఏదైనా విశ్వవిద్యాలయంలో రామన్ పరీక్షకు (లేజర్ కాంతి చెదిరే తీరును బట్టి పదార్థాన్ని గుర్తుపట్టే పరీక్ష) ఇచ్చి, గ్రాఫీన్‌కు గుర్తయిన శిఖరం 2700 సెం.మీ⁻¹ దగ్గర ఉందో లేదో అడుగు. అది చూడకుండా ఆ పట్టీలతో సెన్సార్ తయారీకి దిగడం నాకు నచ్చని తొందర.

మన ఎండల సంగతి మరచిపోవద్దు. లేజర్ గొట్టాన్ని చల్లబరిచే నీరు వేడెక్కితే కిరణం బలం తగ్గుతుంది కనుక, ఉదయం కుదిరిన అమరిక మధ్యాహ్నానికి తప్పుతుంది. బోరు నీళ్ళు పోస్తే లోపల సున్నపు పొర కడుతుంది. డిస్టిల్డ్ వాటరే పోయించు.

కొబ్బరి చిప్ప మీద, రొట్టె మీద కూడా ఇది సాధ్యమని అదే బృందం 2018లో చూపింది. సరదాగా ఉంటుంది, కానీ వాటి జోలికి తరువాత వెళ్ళు. పీవీసీని మాత్రం ఎన్నడూ ఆ యంత్రంలో పెట్టవద్దు: హైడ్రోజన్ క్లోరైడ్ వెలువడి ఊపిరితిత్తులనూ యంత్రాన్నీ తినేస్తుంది. పాలీఇమైడ్ పొగ కూడా విషపూరితమే. దాన్ని బయటికి లాగే ఫ్యాను ఆ దుకాణంలో లేకపోతే, అది బిగించే వరకు పని మొదలుపెట్టవద్దు.

మీ అత్త