ఒకే అవరోహణ, ఐదు వేగాలు

ప్రశ్న: నేటి ఆర్కెస్ట్రా స్వరకర్తలు ప్రాచీన చర్చి సంగీతం నుంచి నిజంగా ఏమైనా గ్రహించారా, లేక అది మాటవరసకు చెప్పేదేనా?

జవాబు: గ్రహించారు. అయితే పాత బాణీని ఎత్తుకొచ్చి కొత్త వాద్యాలపై పలికించడం కన్నా, పాత నిర్మాణ సూత్రాన్ని తీసుకోవడమే నా దృష్టిలో గట్టి బంధం. 15వ శతాబ్దంలో యూరప్ స్వరకర్త ఓకెగెమ్ తన ‘మిస్సా ప్రొలేషనుమ్’ అనే చర్చి ప్రార్థనా కృతిలో ఒకే బాణీని వేర్వేరు గాత్రాల చేత, వేర్వేరు కాలప్రమాణాల్లో, ఏకకాలంలో పాడించారు. (పల్లవిని మూడు వేగాల్లో పాడే మన త్రికాలం గుర్తుకు రావచ్చు, కాని అక్కడ కాలాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి.) ప్రాచీన చర్చి ఏకగాత్ర బాణీలైన గ్రెగోరియన్ గానాన్నీ, తొలినాటి బహుగాత్ర సంగీతాన్నీ ఏళ్ల తరబడి అధ్యయనం చేసిన ఎస్తోనియా స్వరకర్త ఆర్వో పార్ట్, 1976 డిసెంబరులో మరణించిన ఇంగ్లండ్ స్వరకర్త బెంజమిన్ బ్రిటన్ స్మృతిగా మరుసటి ఏడాది తీగవాద్యాలకూ ఒక గంటకూ రాసిన ‘కాంటస్’లో అదే సూత్రం పనిచేస్తుంది. వాద్యాల ఐదు వరుసల్లో పైదైన మొదటి వయొలిన్లు ప్రతిసారీ ఒక్కో స్వరం పెంచుకుంటూ ‘ఎ మైనర్’ అనే పాశ్చాత్య స్వరశ్రేణి అవరోహణలో దిగుతుంటే, తర్వాతి ప్రతి వరుసా అంతకు ముందుదానిలో సగం వేగంతో, ఒక స్థాయి కిందుగా అదే పలుకుతుంది. అంటే అట్టడుగున, ఐదో వరుసలో ఉన్న డబుల్ బాస్‌లు మొదటి వయొలిన్ల కన్నా పదహారు రెట్లు నెమ్మదిగా కదులుతాయి. చివరికి తీగలన్నీ ఒక్కసారిగా ఆగినప్పుడు, అప్పటిదాకా వాటి మాటున ఉన్న గంట అనురణనం మాత్రమే వినిపిస్తుంది.